పాత ల్యాప్‌టాప్, లైనక్స్, డయలప్ మోడెం: లోపలిదే వాడాలా, బయటిది కొనాలా?

2025 సెప్టెంబరు 30తో అమెరికాలో ఏఓఎల్ అనే పాత ఇంటర్నెట్ కంపెనీ కూడా డయలప్ (ఫోన్ లైను మీద నంబరు కొట్టి కలిపే ఇంటర్నెట్) ఆపేసింది. ఇంకా మోడెం (కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం) గురించి రాయడమేంటి అనిపించొచ్చు. కానీ అడిగేవాళ్లు ఉన్నారు. ఫ్యాక్స్ తప్ప ఇంకేదీ ఒప్పుకోని ఆఫీసుతో పని పడ్డవాళ్లు, ఎక్కడో పంప్‌హౌస్‌లో ఉన్న పాత పరికరానికి ఫోన్ లైను మీదే డయల్ చేసి రీడింగులు తెచ్చుకునేవాళ్లు, ల్యాండ్‌లైన్‌కి ఎవరు ఫోన్ చేశారో కంప్యూటర్‌లో రాసిపెట్టుకునేవాళ్లు, ఊరికే సరదాకి పాత థింక్‌ప్యాడ్‌ని బతికించుకునేవాళ్లు. వీళ్ల చేతిలో ఉండేది మాత్రం దాదాపు ఒకటే. పక్కన ఫోన్ సాకెట్ ఉన్న ఓ పాత ల్యాప్‌టాప్, అందులో లైనక్స్. సాకెట్ ఉంది కాబట్టి వైరు పెడితే చాలనుకుంటారు. అక్కడే మొదలవుతుంది అసలు తలనొప్పి.

నా మాట ముందే చెప్పేస్తాను. లోపలి మోడెం ఏ చిప్పుదో చూడండి. కింద చెప్పే రెండు మూడు రకాల్లో ఒకటైతే ఒక సాయంత్రం దాని మీద కూర్చోండి. కాకపోతే దాని జోలికి పోకుండా బయటి మోడెం తెచ్చుకోండి. ఆ బయటివాటిలో కూడా అన్నీ ఒకటి కావు, ఆ సంగతి కింద చెప్తాను.

కొనేముందు లైను సంగతి

మీకు కావాల్సింది పాత ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ మాత్రమే అయితే మోడెం మాట మరిచిపోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే లైనక్స్ దాన్ని నెట్‌వర్క్ కార్డులా చూస్తుంది, డ్రైవర్ వెతుక్కునే పనే లేదు. డయలప్ ఎంత బాగా కుదిరినా సెకనుకు ఐదారు కిలోబైట్లు మించదు. ఒక ఎంబీ దిగడానికి మూడు నిమిషాలు పైనే. ఈ కాలం వెబ్ పేజీ ఒకటి తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు.

డయలప్పే కావాలంటే, మీరు కలపబోయే నంబరుకి ముందు మామూలు ఫోన్ నుంచి కొట్టి చూడండి. అవతల ఎత్తగానే సన్నగా, ఒకే పట్టున సాగే కూత వినపడాలి. అది వినపడకపోతే మీ మోడెం ఎంత మంచిదైనా లాభం లేదు.

ఇంకోటి, మీ ల్యాండ్‌లైను రాగి తీగ మీద వస్తోందా, ఫైబర్ మీద వస్తోందా చూసుకోండి. ఇప్పుడు చాలాచోట్ల రాగి లైను తీసేసి, ఫైబర్ డబ్బాకే ఫోన్ తగిలిస్తున్నారు. ఆ లైను మీద 56కే (సెకనుకు 56 కిలోబిట్లు) వేగం రాదు. ఆ వేగాన్నిచ్చే వీ.90 పద్ధతి పనిచేయాలంటే అవతలి సర్వర్ నుంచి మీ ఎక్స్ఛేంజీ దాకా డిజిటల్‌గానే వచ్చి, చివరి రాగి తీగ దగ్గర ఒక్కసారి మాత్రమే అనలాగ్‌గా మారాలి. ఫైబర్ ఫోన్‌లో మాట ప్యాకెట్లుగా ముక్కలై పోతుంది. ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనా మనిషి చెవికి తెలియదు కానీ మోడెం లైను వదిలేస్తుంది. అలాంటి లైను మీద వేగం కావాలని తగ్గించుకుని, సెకనుకు 9600 బిట్ల దగ్గర ఆపితే ఫ్యాక్స్ చాలావరకు వెళ్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

లోపలి మోడెంతో పేచీ ఎక్కడ

పాత రోజుల బయటి మోడెంలో రెండు భాగాలుండేవి. డేటాని శబ్దంగా, శబ్దాన్ని తిరిగి డేటాగా మార్చే లెక్కలు చేసే సిగ్నల్ ప్రాసెసర్ ఒకటి. ఏటీ కమాండ్లు (మోడెంకి ఇచ్చే ఆదేశాలు) అర్థం చేసుకుని, తప్పులు దిద్దుతూ మొత్తం నడిపించే కంట్రోలర్ ఇంకొకటి. కంప్యూటర్ చేయాల్సిందల్లా సీరియల్ పోర్టులోకి అక్షరాలు పంపడమే. అందుకే అది ఏ ఆపరేటింగ్ సిస్టంతోనైనా కలిసిపోయేది.

తొంభైల చివర్లో ఖర్చు తగ్గించడానికి చాలా కంపెనీలు ఆ రెండింటినీ తీసేశాయి. ల్యాప్‌టాప్‌లో మిగిలింది ఫోన్ లైనుకి తగులుకునే చిన్న సర్క్యూటు, దాని వెనక ఓ కోడెక్, అంటే లైను మీది శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పు. మిగతా పనంతా ప్రాసెసర్ మీద పడేశారు. ఆ పని చేసే ప్రోగ్రాం విండోస్‌కి మాత్రమే రాశారు, సోర్స్ కోడ్ ఎవరికీ ఇవ్వలేదు. విన్‌మోడెం అనే పేరు అలా వచ్చింది. లైనక్స్‌లో నడిచిన కొన్నింటిని సరదాగా లిన్‌మోడెం అన్నారు. ఆ పేరుతోనే కొంతమంది చాలా ఏళ్లు కూర్చుని చిప్పుల జాబితాలు కట్టారు, ఏ చిప్పో కనిపెట్టే స్కాన్‌మోడెం అనే స్క్రిప్టు కూడా రాశారు.

కాబట్టి మోడెం ఏ కంపెనీది, ల్యాప్‌టాప్ ఏ బ్రాండు అన్నది ముఖ్యం కాదు. లెక్కలు చేసేది చిప్పా, ప్రాసెసరా? ప్రాసెసరైతే ఆ ప్రోగ్రాం లైనక్స్‌కి ఎవరైనా ఇచ్చారా? ఈ రెండే అడగండి.

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదేంటి

టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండుని రెండు ఎన్‌లు జోడించి కొడితే, ప్రతి పరికరం పక్కనా తయారీదారు నంబరు, పరికరం నంబరు కనిపిస్తాయి. మోడెం అని రాసి ఉన్న వరసలో 11సీ1 అని మొదలైతే లూసెంట్, అంటే తర్వాతి పేరు అగేర్. 14ఎఫ్1 అయితే కొనెక్సంట్. 8086 అని ఉండి ఏసీ'97 (సౌండునీ మోడెంనీ కలిపే పాత పద్ధతి) మోడెం అని రాసి ఉంటే అది ఇంటెల్ చిప్‌సెట్ తలుపు మాత్రమే. తలుపు వెనక ఎవరున్నారో ఆ వరస చెప్పదు.

2005 తర్వాతి ల్యాప్‌టాప్‌ల్లో చాలామంది తికమకపడేది ఇక్కడే. ఎల్ఎస్‌పీసీఐలో మోడెం అన్న మాటే కనపడదు. అయ్యో, మోడెం లేదేమో అనుకుంటారు. అది సౌండు కార్డు చాటున దాక్కుని ఉంటుంది, ఎందుకంటే ఏసీ'97 తర్వాత వచ్చిన హెచ్‌డీ ఆడియో లైను మీదే రెండో కోడెక్‌గా దాన్ని తగిలించారు. ప్రాక్ ఫోల్డర్‌లో ఏసౌండ్, అందులో కార్డ్0 తెరిస్తే కోడెక్ అనే పేరుతో రెండు ఫైళ్లుంటాయి. 0 నంబరుది మామూలుగా సౌండు. 1 నంబరుది తెరిచి వెండర్ ఐడీ అన్న వరస చూడండి. అక్కడ ఎనిమిది అంకెలుంటాయి. మొదటి నాలుగు కంపెనీ, తర్వాతి నాలుగు చిప్పు.

163సీ తర్వాత 3055 లేదా 3155 ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. అది సిలికాన్ ల్యాబ్స్ ఎస్ఐ3054 కుటుంబం, లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే దానికి ఆల్సా (లైనక్స్ సౌండు వ్యవస్థ) డ్రైవర్ ఉంది. 11సీ1 ఉంటే తొందరపడి అగేర్ అనుకోకండి. తర్వాత 3026 ఉంటే అదీ ఎస్ఐ3054 దారిలోనే వెళ్తుంది. 1040 ఉంటే మాత్రం అగేర్ సొంత సాఫ్ట్‌మోడెం, దారి వేరు. 14ఎఫ్1 ఉంటే కొనెక్సంట్. ఫైల్లో ఒకే వరసలో ఉన్న ఈ తేడా తెలియక తప్పు డ్రైవర్ కంపైల్ చేసుకుంటూ ఆదివారాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

ఏ చిప్పుకి ఎంత కష్టపడొచ్చు

పాత లూసెంట్ మార్స్ చిప్పులు, అంటే 11సీ1 తర్వాత 044 లేదా 045తో మొదలయ్యేవి, లోపలి మోడెంలన్నింట్లోకీ నాకు నచ్చినవి. వీటిలో సిగ్నల్ ప్రాసెసర్ చిప్పులోనే ఉంది, కంట్రోలర్ పని మాత్రమే కంప్యూటర్‌ది. అందుకే ప్రాసెసర్ వేరే పనిలో ఉన్నా లైను తెగదు. మొదట ఎల్‌టీమోడెం అనే డ్రైవర్ ఉండేది. తర్వాత వచ్చిన మార్షియన్ మోడెం, మూసిపెట్టిన భాగాన్ని కెర్నెల్‌లోంచి బయటికి తెచ్చి మామూలు ప్రోగ్రాంలా నడిపింది. ఆ భాగం 32 బిట్‌ది కాబట్టి 32 బిట్ లైనక్స్ మీదే పెట్టుకోండి. ఈ చిప్పున్న ల్యాప్‌టాప్‌లు ఎలాగూ ఆ కాలంవే.

స్మార్ట్‌లింక్ దారి రెండోది. ఎస్ఎల్‌మోడెండీ అనే డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) ప్రాసెసర్ మీదే మొత్తం మోడెం పని చేస్తుంది, ఆల్సా ద్వారా కోడెక్‌తో మాట్లాడుతుంది. ఏసీ'97 ల్యాప్‌టాప్‌ల్లో ఇంటెల్8ఎక్స్0ఎం అనే డ్రైవరు, హెచ్‌డీ ఆడియో వాటిలో ఎస్ఐ3054 డ్రైవరు దీనికి కింద ఆసరా. హెచ్‌డీ ఆడియోలో మోడెం సాధారణంగా సౌండు కార్డు 0లో 6వ పరికరంగా కనపడుతుంది, డీమన్‌కి అదే చెప్పాలి. అది లేచాక డెవ్ కింద టీటీవైఎస్ఎల్0 అని ఓ పోర్టు వస్తుంది, అక్కడి నుంచి మామూలు మోడెంలాగే వాడుకోవచ్చు. ఒక చిక్కుంది. డయల్ చేసి లైను కలిపే డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రాం దీనితో వాడితే సెట్టింగ్స్ ఫైల్లో క్యారియర్ చెక్ అన్న వరసని నో అని పెట్టాలి. లేదంటే లైను కలిసిన వెంటనే తెగిపోయినట్టు అనిపిస్తుంది, నిజానికి కలిసే ఉంటుంది. ఈ డీమన్‌లో కూడా సోర్స్ లేని 32 బిట్ ముక్క ఉంది. 64 బిట్ లైనక్స్‌లో 32 బిట్ లైబ్రరీలు వేసుకుంటే నడుస్తుంది.

(ఈ ఎస్ఎల్‌మోడెండీ ఇంకా చావలేదు. డీ-మోడెం అనే ప్రాజెక్టులో దాన్నే తీసుకుని, కోడెక్ బదులు ఎస్ఐపీ ఫోన్ కాల్‌కి కలిపారు. అంటే మోడెం హార్డ్‌వేర్ అసలే లేకుండా ఇంటర్నెట్ ఫోన్ మీద డయలప్. పని తక్కువ, ముచ్చట ఎక్కువ.)

కొనెక్సంట్ హెచ్‌ఎస్‌ఎఫ్ చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఉంటుంది, చాలామందికి దొరికేది ఇదే. లినక్సంట్ అనే కంపెనీ దీనికి డ్రైవర్ అమ్మింది. ఉచితంగా ఇచ్చిన దానిలో వేగం 14.4కే దగ్గర ఆగిపోయేది, ఫ్యాక్స్ ఉండేది కాదు. పూర్తి వేగానికి ఇరవై డాలర్ల దాకా కట్టి, ఆ ఒక్క మెషీన్‌కి లైసెన్సు తాళం తీసుకోవాల్సి వచ్చేది. అప్పట్లో డబ్బు పెట్టినవాళ్లకి అది బాగానే నడిచింది. ఇప్పటి కెర్నెల్ మీద దానితో కుస్తీ పట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ కష్టంలో సగం పెడితే బయటి మోడెం వచ్చేస్తుంది.

అగేర్ సాఫ్ట్‌మోడెం, ఇంటెల్ 536, 537, మోటరోలా ఎస్ఎం56, పీసీటెల్, వీటికీ ఏదో ఒక కాలంలో ఏదో ఒక కెర్నెల్‌కి డ్రైవర్లు వచ్చాయి. అదే కాలం కెర్నెల్ మీదే ఉండిపోయాయి కూడా. థింక్‌ప్యాడ్ 600లో ఉన్న ఐబీఎం ఎంవేవ్ వేరే జాతి. దానికి ఐబీఎం స్వయంగా డ్రైవర్ ఇచ్చింది, పాత కెర్నెళ్లలో ఉంది. ఆ ల్యాప్‌టాప్ మీద ప్రేమ ఉంటే తప్ప అటు వెళ్లొద్దు.

పాత లైనక్స్ వేసుకుంటే సరిపోదా

సరిపోతుంది, ఒక షరతు మీద. 2.6 కెర్నెల్ ఉన్న 32 బిట్ డెబియన్ ఒకటి వేస్తే పైవాటిలో చాలా డ్రైవర్లు కంపైల్ అవుతాయి. ఆ మెషీన్ పని ఫ్యాక్స్ పంపడమో, పాత పరికరానికి డయల్ చేసి రీడింగు తేవడమో అయితే హాయిగా వాడుకోండి. వెబ్‌కి మాత్రం పెట్టకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. అందులోని పాత బ్రౌజర్‌కి ఇప్పటి సైట్ల ఎన్‌క్రిప్షన్ అర్థం కాక సగం పేజీలు తెరుచుకోవు. పైగా డయలప్‌లో మధ్యలో రౌటర్ ఉండదు కాబట్టి మీ మెషీన్ నేరుగా బయటి ప్రపంచం ముందు నిలబడుతుంది.

బయటి సీరియల్ మోడెం

ఏ డ్రైవరూ అడగని మోడెం ఇదే. సీరియల్ పోర్టు ఉంటే టీటీవైఎస్0, లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ పెడితే టీటీవైయూఎస్‌బీ0. ఎఫ్‌టీడీఐ చిప్పున్న కేబుల్ తీసుకుంటే నిశ్చింత. చవక కేబుళ్లలో నకిలీ చిప్పులు ఎక్కువ, డేటా వేగంగా వెళ్లేటప్పుడు అక్షరాలు మింగేస్తాయి.

పాత సామాను అమ్మేచోట డీ-లింక్, యూఎస్ రోబోటిక్స్ డబ్బాలు ఇంకా కనపడతాయి. అక్కడ రెండు చూడాలి. ఒకటి, అడాప్టర్. కొన్ని మోడెంలకి డీసీ కాదు, ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టర్ కావాలి. ప్లగ్గు సరిపోయింది కదా అని రౌటర్ అడాప్టర్ గుచ్చకండి, డబ్బా అడుగున రాసి ఉన్నది అక్షరం అక్షరం పోల్చండి. రెండోది కేబుల్. మోడెం వైపు 25 పిన్నులు, కంప్యూటర్ వైపు 9 పిన్నులు ఉండే నేరు కేబుల్ కావాలి. రెండు కంప్యూటర్లని కలిపే నల్ మోడెం కేబుల్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ దానితో మోడెం ఉలకదు పలకదు.

పీసీఎంసీఐఏ కార్డు

2005కి ముందు ల్యాప్‌టాప్ అయితే, దాని పక్కనున్న స్లాట్‌లో దూర్చే ఈ కార్డు మంచి బేరం. బయట వేలాడేది ఏమీ ఉండదు. 16 బిట్ కార్డులు ఎక్కువగా నిజమైన హార్డ్‌వేర్ మోడెంలే, సీరియల్-సీఎస్ డ్రైవర్ వాటిని మామూలు సీరియల్ పోర్టుగా చూపిస్తుంది. 32 బిట్ కార్డ్‌బస్ కార్డుల్లో మళ్లీ విన్‌మోడెంలు దూరాయి, కాబట్టి జాగ్రత్త. కార్డుకి తగిలించే చిన్న వైరు ముక్క కూడా ఉందో లేదో అడిగి తీసుకోండి. అది పోతే కార్డు ఉన్నా లేనట్టే. జిర్‌కామ్ రియల్‌పోర్ట్ లాంటి లావు కార్డుల్లో సాకెట్ కార్డులోనే ఉంటుంది, ఆ బాధ లేదు.

యూఎస్‌బీ మోడెం

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. అందులోనూ యూఎస్‌బీ అని రాసి ఉన్నంత మాత్రాన కాదు. సీడీసీ-ఏసీఎం అనే యూఎస్‌బీ మోడెంల ప్రమాణం పాటించేది కావాలి. అలాంటిది గుచ్చగానే కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండులో టీటీవైఏసీఎం0: యూఎస్‌బీ ఏసీఎం డివైస్ అని ఒక వరస పడుతుంది. అంతే, పని అయిపోయింది. యూఎస్ రోబోటిక్స్ 5637 ఈ కోవలోదే, కంట్రోలర్ లోపలే ఉంది, వేరే కరెంటు కూడా అక్కర్లేదు. ట్రెండ్‌నెట్ టీఎఫ్ఎం-561యూ, జూమ్ 3095 లాంటివి కొనెక్సంట్ సీఎక్స్93010 చిప్పు మీద వచ్చాయి. అదే కొనెక్సంట్, కానీ ఈ చిప్పు పని తానే చేసుకుంటుంది, కాబట్టి లైనక్స్‌లో గొడవ లేదు. యాపిల్ అమ్మిన తెల్లటి చిన్న యూఎస్‌బీ మోడెం మాత్రం ముద్దుగా ఉంది కదా అని తీసుకోకండి, లోపల సాఫ్ట్‌మోడెమే.

గుచ్చాక కూడా పోర్టు బిజీ అని వస్తుంటే మోడెంమేనేజర్ అనే సర్వీసుని ఆపి చూడండి. అది 4జీ డాంగిల్ అనుకుని మీ మోడెంని మధ్యమధ్యలో పలకరిస్తూ ఉంటుంది. పర్మిషన్ లేదంటే మీ యూజర్‌ని డెబియన్, ఉబుంటుల్లో డయలౌట్ గ్రూపులో చేర్చాలి.

ఏది కొన్నా తప్పని మన దేశం పేచీలు

మోడెం లైను ఎత్తి, కాసేపాగి నో డయల్‌టోన్ అంటుంది. లైను పాడైందని టెన్షన్ పడకండి. అమెరికా మోడెం వెతికేది 350, 440 హెర్ట్జ్ కలిసిన శబ్దం. మన ఎక్స్ఛేంజీ ఇచ్చేది 400 హెర్ట్జ్ చుట్టూ ఊగే శబ్దం. దానికి మందు ఎక్స్3 అన్న కమాండు. డయల్‌టోన్ కోసం ఆగకుండా నంబరు కొట్టేస్తుంది, బిజీ టోన్‌ని మాత్రం గుర్తుపడుతుంది. జీసీఐ కమాండుకి విలువ 53 ఇస్తే చాలా మోడెంలు భారత్ సెట్టింగ్‌కి మారతాయి, అప్పుడు ఎక్స్3 కూడా అవసరం పడకపోవచ్చు.

కాలర్ ఐడీ కోసం కొనేవాళ్లు ఇంకాస్త చూసుకోవాలి. మన దగ్గర కొన్ని ఎక్స్ఛేంజీలు నంబరుని డీటీఎంఎఫ్ టోన్లుగా (ఫోన్ బటన్లు నొక్కితే వినపడే శబ్దాలు), మొదటి రింగుకి ముందే పంపేస్తాయి. అమెరికా పద్ధతిలో అది మొదటి, రెండో రింగుల మధ్య ఎఫ్‌ఎస్‌కే అనే వేరే రకం సంకేతంగా వస్తుంది. మోడెం అప్పటిదాకా చెవి మూసుకునే ఉంటుంది. డీటీఎంఎఫ్ కాలర్ ఐడీ ఉందని స్పష్టంగా రాసి ఉంటేనే ఈ పనికి తీసుకోండి.

ఫ్యాక్స్‌కైతే మోడెంని ఏటీ+ఎఫ్‌క్లాస్=? అని అడగండి. జవాబుగా 0,1,8 లాంటి వరస వస్తుంది. 1 ఉంటే చాలు, ఫ్యాక్స్ పంపే ప్రోగ్రాంలు ఈఫ్యాక్స్ అయినా హైలాఫ్యాక్స్ అయినా పనిచేస్తాయి. రోజుకో రెండు పేజీలు పంపేవాళ్లకి ఈఫ్యాక్స్ సరిపోతుంది. ఆఫీసులో పదిమంది పంపాలంటే హైలాఫ్యాక్స్. డయలప్ కలపడానికి డబ్ల్యూవీడయల్ ఉంటే అది తేలిక, పోర్టు వెతికి సెట్టింగ్స్ తానే రాసుకుంటుంది. కొత్త లైనక్స్‌లో అది దొరక్కపోతే పీపీపీ ప్యాకేజీలోని చాట్ స్క్రిప్టు ఒకటి చేత్తో రాసుకోండి, పది వరసలు కూడా ఉండదు.

ఉరుముల సంగతి

లోపలి మోడెం పూర్తిగా పనిచేసినా నేను బయటిదానికే ఓటు వేయడానికి ఇంకో కారణం మన వానలు. ఫోన్ తీగ వెంట పిడుగు ప్రభావం వస్తే బయటి మోడెం ఒక్కటే పోతుంది, సీరియల్ లేదా యూఎస్‌బీ పోర్టు దాకా రావడం తక్కువ. లోపలిదైతే మదర్‌బోర్డుకి దగ్గర దారి. ల్యాప్‌టాప్‌లో మోడెం మామూలుగా ఎండీసీ అనే చిన్న పిల్లకార్డు మీద ఉంటుంది, పోతే దాన్ని ఊడదీసి మార్చొచ్చు, కానీ ప్రతిసారీ నష్టం అక్కడితో ఆగదు. మబ్బు పట్టగానే ఏ మోడెం అయినా లైను పీకేయడం మంచిది. హోటళ్లలో, పెద్ద ఆఫీసుల్లో గోడకున్న ఫోన్ సాకెట్‌లో ఏ మోడెం పెట్టినా ముందు అది డిజిటల్ పీబీఎక్స్ (భవనం సొంత ఎక్స్ఛేంజీ) లైనేమో అడగండి. సాకెట్ అదే సైజులో ఉంటుంది, కరెంటు వేరు, మోడెం కాలిపోవచ్చు.

పాతది కొంటుంటే అమ్మేవాడి దగ్గరే ఒక పరీక్ష పెట్టండి. మోడెంతో నేరుగా మాట్లాడే మినీకామ్ అనే ప్రోగ్రాం తెరిచి ఏటీ అని కొడితే ఓకే రావాలి. ఓకే వస్తే కంట్రోలర్ బతికే ఉంది. తర్వాత లైను తగిలించి ఏటీఎక్స్3డీటీతో మీ మొబైల్ నంబరు కొట్టండి. మొబైల్ మోగితే లైను వైపు సర్క్యూటు కూడా బాగున్నట్టే, పిడుగు దెబ్బ తిన్నవి ఎక్కువగా దొరికిపోయేది ఈ రెండో పరీక్షలోనే.